ఎనిమిది ముత్యాలు

బెండిగోలో మా దుకాణం ముందు నుంచి
పాత ట్రాము వెళ్లినప్పుడల్లా
గాజుబల్ల కింద నాణేలు సన్నగా గొణుగుతాయి.
గొణుగుడు ఆగేదాకా మెర్వ్ పాస్కో భూతద్దం ఎత్తడు.

పనిలో చేరిన రోజు ఆయన చెప్పింది ఒక్కటే:
"రాజు ముఖం చూడకు. కిరీటం చూడు."
ఐదో జార్జి కిరీటం అంచున ఎనిమిది ముత్యాలు,
నడుమ ఒక వజ్రం.
చేతులు మారినకొద్దీ ముందు వజ్రం పోతుంది.
తర్వాత నడిమి ముత్యాలు ఒకదానికొకటి అంటుకుని
చద్దన్నం మెతుకుల్లా ముద్దవుతాయి.
ఎనిమిదీ విడివిడిగా ఉంటే ఒక ధర,
ఆరు మిగిలితే ఇంకో ధర,
అసలు లెక్కకే అందకపోతే
గుమ్మం పక్కన డబ్బాలో వెయ్యడమే, పిల్లలు కొనుక్కుంటారు.

ఊపిరి తగలకుండా, అంచులు మాత్రమే పట్టుకుని
దీపం కింద కాస్త వంచి, కాస్త తిప్పి,
పెనం మీద చెయ్యి పెట్టకుండానే
దోసెకి వేడి చాలిందో లేదో కనిపెట్టినట్టు
రెండేళ్లు నేర్చుకున్నాను.

అరగడం తప్పు కాదంటాడు మెర్వ్.
అరిగిందంటే పదిమందికీ పనికొచ్చిందని.
తోమడం మాత్రం అబద్ధం.

మంగళవారం, వానలో, డోరీన్ ట్రెగెన్జా వచ్చింది.
పొగాకు రేకు డబ్బా, అందులో ఫ్లానెల్ గుడ్డ,
గుడ్డలో ఒకే ఒక్క పెన్నీ.
పంతొమ్మిది వందల ఇరవై అయిదు. తక్కువ కొట్టిన ఏడు.
మెర్వ్ కుర్చీ తనంతట తనే ముందుకు జరిగింది.
"నువ్వు చెప్పు" అని నా వైపు నెట్టాడు.

రాజు వైపు తళతళ.
చుట్టాలొచ్చే ముందు రోజు
మా అమ్మ చింతపండేసి తోమిన కంచు చెంబులా.
మా ఇంట్లో అయితే మెచ్చుకోలు. ఇక్కడ అదే నేరం.
భూతద్దంలో గీతలు వేలకు వేలు,
నూనె రాసి దువ్విన జుట్టులా అన్నీ ఒకే వైపుకి.
ముత్యాలు నాలుగు.
ఐదోది ఉందనుకోవడం నా మొహమాటం.

తిప్పాను.
అటువైపు ఎవరూ ముట్టనట్టు
చిక్కటి డికాషన్ రంగు. అంకెల మూలలు ఇంకా పదును.
సరిగ్గా నడిమధ్య, కత్తితో గీసిన ఇంటూ గుర్తు.

"ఎవరు తోమారిలా?"
"మా నాన్న. ప్రతి శనివారం, బూడిద పెట్టి" అంది.
"రైల్వే షెడ్ల వెనక ఆడేవాళ్లు, చీకట్లో,
ఒక్క లాంతరు, చుట్టూ ఇరవై మంది.
చెక్క మీంచి రెండు పెన్నీలు ఎగిరితే
ఏది పడిందో ఆఖరివాడికి కూడా కనబడాలి కదా,
తర్వాత ఎవడూ మోసమనకుండా."

బొమ్మా, బొరుసా.
ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఎవరితో అనను?

"మరి రెండోది?"
"పోలీసు ఈల వినగానే వాగులోకి విసిరేశాడట.
దీన్ని బుగ్గన పెట్టుకున్నాడు."

మెర్వ్ నాణేన్ని మొదటిసారి
భూతద్దం లేకుండా చూశాడు.

రెండు ముఖాల్లో ఏది తక్కువో అదే నాణెం వెల.
మా వృత్తిలో దీని మీద వాదనలు లేవు.
చీటీ మీద నాకున్నది అంగుళంన్నర చోటు.
'తోమినది. గీత ఉంది' అని రాసి,
వందల్లో పలకాల్సినదాని పక్కన
నలభై డాలర్లు వేశాను. పెన్ను కాస్త వణికింది.

ఆవిడ చీటీ చదివింది. నవ్వింది.
"బొమ్మ పడితే ఎనభై ఇవ్వు.
బొరుసు పడితే ఊరికే ఉంచుకో."

"అంచులు! అంచులు పట్టుకో!" అని మెర్వ్ అరిచేలోపే
బొటనవేలు లేచింది.

నేను అప్పటికి గొడుగు తియ్యడానికని
దుకాణం చివరిదాకా వెళ్లాను.
బయట వాన, లోపల మసక.
అయినా అది గాలిలో తిరుగుతున్నంతసేపూ
అంత దూరం నుంచీ నాకు తెలుస్తూనే ఉంది,
ఏ వైపు ఏదో.